సగమే లెక్కకొచ్చిన ర్యామ్

యానం ఫరంపేటలో మేము అద్దెకున్న ఇంటి ముందు గది పొడవు పన్నెండు అడుగులు, వెడల్పు ఎనిమిదిన్నర. అందులో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, రెండు కుర్చీలు, నా బల్ల పట్టగా మిగిలిన చోటులో వచ్చినవాళ్లు నిలబడే మాట్లాడేవారు. ఇల్లు కట్టుకునేవాళ్లకు నేను అంచనాలు వేసేవాణ్ణి. ఎన్ని ఇటుకలు, ఎంత ఇసుక, ఎంత సిమెంటు, ఏ మందం ఇనుము ఎన్ని కిలోలు అన్నది నా పని. ఆ ఇంటి ప్లాను గీయడం నా భార్య పని. కింద సంతకం పెట్టడానికి కాకినాడలో ఒక ఇంజనీరు ఉండేవారు.

నేను ఇంజనీరింగు చదవలేదు. సిమెంటు కొట్లో గుమాస్తాగా ఉన్న రోజుల్లో మేస్త్రీలు నోటితో వేసుకునే లెక్కలు విని, కట్టిన గోడల దగ్గరికి టేపు పట్టుకెళ్లి సరిచూసుకుని నేర్చుకున్నాను. ఆమె పదో తరగతితో ఆపేసిన మనిషి. అయినా గీసే ప్రోగ్రాం నాకంటే త్వరగా పట్టుబడింది ఆమెకు. మెట్టకూరు వైపు స్కూటరు మీద వెళ్తున్నప్పుడు వెనక కూర్చుని ఒక్కొక్క ఇంటిని తల తిప్పి చూసేది. "ఆ కిటికీ నేను పెట్టిందే" అనేది. అంతకు మించి ఏమీ అనేది కాదు. ఇల్లు ఎవరిదో, లోపల ఎవరున్నారో ఆమెకు అక్కర్లేదు. కిటికీ గీసిన చోటే ఉందా లేదా అన్నదే చూసుకునేది.

నేను చెబుతున్నది రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ల తర్వాతి సంగతి. చేత్తో గీసిన ప్లాను ఇస్తే బ్యాంకులో పక్కకు నెట్టేసే రోజులు వచ్చేశాయి. మా కంప్యూటరు అంతకు ముందెప్పుడో విడి భాగాలు తెచ్చి బిగించినది. పాత ప్రోగ్రాంతో బాగానే నడిచింది. ఇంజనీరు తన దగ్గర కొత్త ప్రోగ్రాం వేయించుకున్నాక ఆయన సరిచేసి పంపే ఫైళ్లు మా దాంట్లో తెరుచుకోవడం మానేశాయి. అందుకని మేమూ కొత్తది వేయించాం. మా కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

ఏదైనా గీత గీస్తే అది తెర మీదకు రావడానికి ఆగేది. లోపల డిస్కు గరగరమంటూ తిరిగేది. ఎందుకలా అవుతోందో అర్థం చేసుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది. గోడ కట్టే మేస్త్రి పక్కన సిమెంటు మాలు తట్ట ఉంటుంది. మాలు కలిపిన గుట్ట ఎక్కడో వీధిలో ఉంటుంది. తట్ట చిన్నదైతే కూలి మనిషి గుట్టకీ గోడకీ మధ్య తిరుగుతూనే ఉండాలి, మేస్త్రి తాపీ పట్టుకుని ఖాళీగా నిలబడాలి. కంప్యూటర్లో ర్యామ్ అంటే ఆ తట్ట. డిస్కు ఆ గుట్ట. మా తట్ట నూట ఇరవై ఎనిమిది ఎంబీలది. కొత్త ప్రోగ్రాంకి అది ఏ మూలకీ రాదు.

అన్నిటికన్నా విసిగించేది సేవ్ చేయడం. సేవ్ నొక్కగానే అంతా బిగుసుకుపోయేది. ఎక్కువసార్లు స్ట్రక్ అయ్యేది కూడా అప్పుడే. దాచకపోతే గీసింది పోతుందేమోనని భయం, దాచబోతే అప్పుడే పోతుందేమోనని ఇంకో భయం. ఆ రెంటి మధ్యా ఆమె మధ్యాహ్నాలు గడిచేవి. అన్నాలయ్యాక కూర్చుంటే సాయంత్రం దీపాలు పెట్టే వేళకి లేచేది. లేచి, నడుం మీద చెయ్యి పెట్టుకుని కాసేపు గుమ్మంలో నిలబడేది.

కనకాలపేటలో ఒకాయన రెండంతస్తుల ఇల్లు తలపెట్టాడు. ఆ పని మాకు తెచ్చింది మొదటినుంచీ మాతోనే ఉన్న ఒక మేస్త్రి. ఇంటాయన మెట్లు ఒకసారి దక్షిణం అన్నాడు, ఒకసారి పడమర అన్నాడు, వాస్తు చూసేవాడు వచ్చి వెళ్లాక నైరుతి దగ్గర తిరగాలన్నాడు. ఆమె ప్రతిసారీ మెట్లు చెరిపి గీసింది. చివరికి మెట్లు తిరిగే చోట ఒక కిటికీ పెట్టింది. దాన్ని ఎవరూ అడగలేదు. గోదారి మీది గాలి ఆ వైపునుంచి వస్తుందని పెట్టింది. "మెట్లెక్కేవాళ్లకి ఒళ్లు చల్లబడుద్ది" అని నాతో చెప్పింది. చెప్పి సేవ్ నొక్కింది.

తెర అలాగే ఆగిపోయింది. అవతలి గట్టునుంచి పంటు ఎప్పుడు బయల్దేరుతుందా అని రేవులో చూసే మనిషిలా, ఆమె మౌసు మీద చెయ్యి తీయకుండా కూర్చుంది. నేను అంచనా వేస్తూ తలెత్తి చూసి, మళ్లీ తల దించుకున్నాను. కాసేపయ్యాక నేనే లేచి స్విచ్చి ఆపాను. మళ్లీ వేస్తే ప్లాను తెరుచుకోలేదు. అంతకు ముందు రోజుది ఉంది. అందులో మెట్లు ఇంకా పడమరనే ఉన్నాయి.

ఆమె లోపలికి వెళ్లి, తనే పాత చీరతో కుట్టిన కవరు తెచ్చి మానిటరు మీద కప్పింది. మామూలుగా పని అయిపోయాక దుమ్ము పడకుండా కప్పే కవరే.

"మీ లెక్కలు కాగితం మీద ఉంటాయి. కరెంటు పోయినా ఉంటాయి" అంది. "నావి దాంట్లోనే ఉంటాయండి. ఇంక నేను దీని ముందు కూర్చోను."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే రెండు రోజుల్లో తగ్గుతుందని నేను ఊరుకునేవాణ్ణి. మర్నాడు పొద్దున్న అటక మీదినుంచి కుట్టు మిషను దింపమంది. దింపాను. దానికి నూనె వేసి, పక్కింటావిడ జాకెట్టు గుడ్డ తెచ్చి కత్తిరించడం మొదలుపెట్టింది. వెనక గదిలోంచి మిషను చప్పుడు వస్తుంటే నేను ముందు గదిలో కవరు కప్పిన తెరను చూస్తూ కూర్చున్నాను. ప్లాను లేకుండా అంచనా ఒక్కటే ఎవరికీ పనికిరాదు. ఆ సంగతి అలా ఉంచినా, మెట్టకూరు రోడ్డు మీద ఇళ్ల వంక తల తిప్పి చూడటం కూడా ఆమె మానేస్తుందనిపించింది నాకు. అది నాకు నచ్చలేదు.

మేస్త్రికి ఏదో చెప్పి కొంత గడువు తీసుకున్నాను.

కంప్యూటరు పెట్టె తెరిచాను. అది నాకు కొత్తేం కాదు. మా ఊళ్లో ఉప్పుగాలికి లోపలి ర్యామ్ ముక్క అంచున వరసగా ఉండే పసుపుపచ్చ రేకు పళ్లు మసకబారుతుంటాయి. మధ్యమధ్య ర్యామ్ ముక్క తీసి, ఆ పళ్లను పెన్సిలు రాతలు చెరిపే రబ్బరుతో రుద్ది పెట్టాలి. కంప్యూటరున్న ప్రతి ఇంట్లోనూ ఒక రబ్బరు ఉండేది, పిల్లలు లేకపోయినా. నేను ఆ ముక్క తీసి, దాని మీది కాగితం చదివాను. నూట ఇరవై ఎనిమిది. దాని పక్కన నూట ముప్ఫై మూడు. మొదటిది ఎంత పడుతుందో చెప్పే అంకె, రెండోది ఎంత వేగమో చెప్పే అంకె. పళ్ల వరసలో రెండు చోట్ల గాటు ఉంది. బోర్డు మీద అలాంటి ముక్క పట్టే గాడి ఇంకొకటి ఖాళీగా ఉంది. దాంట్లో రెండు వందల యాభై ఆరు వేస్తే మొత్తం మూడు వందల ఎనభై నాలుగు. ఇంజనీరు తన దాంట్లో అంతకన్నా తక్కువే ఉందన్నారు. కాబట్టి చాలు. లెక్క అయిపోయిందనుకున్నాను.

యానంలో కంప్యూటర్ల కొట్టు నా బావమరిదిది. నా భార్యకు పిన్నికొడుకు. మా కంప్యూటరు బిగించింది కూడా అతనే. ఆ కొట్లో దొరకకపోతే ఇంకెక్కడికో వెళ్లడం మా ఇంటా వంటా లేదు. ఒకటి చుట్టరికం, రెండోది ఊరు. మా ఊళ్లో పన్ను తక్కువని కాకినాడవాళ్లు బస్సెక్కి వచ్చి ఫ్రిజ్జులూ టీవీలూ కొనుక్కెళ్తారు. అలాంటి ఊళ్లో ఉండి కాకినాడ వెళ్లి ఒక వస్తువు కొనుక్కొచ్చానంటే నలుగురూ నవ్వుతారు. నాకూ నవ్వులాటగానే ఉంటుంది.

కావలసింది చెప్పగానే బావమరిది, ఇదెంతసేపు అన్నట్టు సొరుగులోంచి ఒక ముక్క తీసి ఇచ్చాడు. దాని మీద రెండు వందల అరవై ఆరు అని ఉంది. నేను ఆలోచించాను. నూట ముప్ఫై మూడుకు అది సరిగ్గా రెట్టింపు. రెండు సమానంగా భాగం పోతున్నాయి కాబట్టి కలిసి నడుస్తాయనుకున్నాను. నాలుగున్నర అంగుళాల గోడ పక్కన తొమ్మిది అంగుళాల గోడ కుదిరినట్టు కుదురుతాయనుకున్నాను. అంకెలకు ఒకదానితో ఒకటి పొత్తు ఉంటే వస్తువులకూ ఉంటుందని నేను చిన్నప్పటినుంచీ నమ్మేవాణ్ణి.

ఇంటికి తెచ్చి పెట్టబోతే గాడిలో దిగలేదు. పాతదానికి గాట్లు రెండు. దీనికి ఒక్కటే, అదీ వేరే చోట. కనకాలపేట మేస్త్రి ఆ సమయానికి ప్లాను సంగతి కనుక్కుందామని వచ్చి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"దిగట్లేదేటండి గురువుగారూ" అన్నాడు.

దిగట్లేదన్నాను.

"తలుపు ఉబ్బితే చిత్రిక పట్టట్లేదేటండి? ఆకురాయి ఇవ్వండి, గాటు కూసింత పక్కకి రాసేత్తాను. దిగకేం చేత్తాది?"

వెనక గదిలో కుట్టు మిషను ఆగింది. ఆమె నవ్విందని నాకు తెలిసింది, చప్పుడు రాకపోయినా. మేస్త్రి తమాషాకి అన్నాడో నిజంగా అన్నాడో నాకిప్పటికీ తెలియదు. అతని చేతికి ఆకురాయి ఇస్తే మాత్రం రాసేసేవాడే. అతని పని తీరు అది. వాసం పొడుగు ఎక్కువైతే కోస్తాడు, తక్కువైతే అతుకు వేస్తాడు. ఈ ముక్క అతనికి ఇంకో వాసంలా కనిపించి ఉంటుంది.

ముక్క వెనక్కి పట్టుకెళ్లాను. బావమరిది అప్పుడు విడమరిచి చెప్పాడు. ఇప్పుడొచ్చేవన్నీ కొత్త రకమట. మా బోర్డు పాత రకమట. పాతవి ఎవరూ చేయడం లేదట. ముందే ఎందుకు చెప్పలేదని అడగలేదు. అక్క మొగుణ్ణి, అలిగానని అతననుకుంటే వాళ్లింట్లో పెద్ద మాటవుతుంది. అతనే అన్నాడు:

"బావగారూ, ఈ పెట్టి తీసేసి కొత్తది కట్టించేసుకోండి. అక్కని ఇంకెన్నాళ్లు ఏడిపిత్తారు దీంతో?"

"మీ అక్క ఏడవట్లేదు. జాకెట్లు కుడుతోంది" అన్నాను.

అతను నవ్వాడు గానీ, వెంటనే ఫోనెత్తి కాకినాడలో తనకు సరుకిచ్చే కొట్టుకి చేశాడు. పాతవి బాగుచేసి అమ్మేవాళ్ల దగ్గర ఒకటి ఉందని తెలిసింది. మా దగ్గర పద్ధతి ఒకటి ఉంది. కాకినాడలో ఎవరో ఒక బస్సు డ్రైవరు చేతికి పొట్లం ఇస్తారు. అతను దాన్ని స్టీరింగు పక్కన పెట్టుకుని యానంలో దించేస్తాడు. మందులూ, కళ్లజోళ్లూ, మోటారు చుట్టలూ అన్నీ అలాగే వస్తాయి. ఆ విధంగా నేను కాకినాడ వెళ్లకుండానే, కాకినాడ వస్తువు, యానం కొట్లో, యానం బిల్లుతో కొన్నాను. ముక్క మీద రెండు వందల యాభై ఆరు అని ఉంది, నూట ముప్ఫై మూడు అని ఉంది, గాట్లు రెండున్నాయి. మూడూ సరిపోయాయి.

గాడిలో బిగించి స్విచ్చి వేశాను. కంప్యూటరు లేచేటప్పుడు నల్లటి తెర మీద తన ర్యామ్ ఎంతో తనే లెక్కపెట్టుకుంటుంది. తెల్లటి అంకెలు గబగబా పెరుగుతూ పోయి ఒకచోట ఆగుతాయి. నాకు ఆ అంకెలు బట్టీ వచ్చు. ముందు లక్షా ముప్ఫై ఒక వేయి డెబ్బై రెండు దగ్గర ఆగేది. ఇప్పుడు మూడు లక్షల తొంభై మూడు వేల రెండు వందల పదహారు దగ్గర ఆగాలి. రెండు లక్షల అరవై రెండు వేల నూట నలభై నాలుగు దగ్గర ఆగిపోయింది.

ఆపి మళ్లీ వేశాను. అక్కడే ఆగింది. రెండు ముక్కల చోట్లు మార్చాను. అక్కడే. పాతది తీసేసి కొత్తది ఒక్కటే పెట్టాను. పాతది ఎంత చూపేదో అంతే చూపించింది. రెండు వందల యాభై ఆరు రాసున్న ముక్కని మా బోర్డు నూట ఇరవై ఎనిమిదిగానే లెక్కపెడుతోంది. సగం ఎటుపోయిందో తెలియదు.

బావమరిది వచ్చి చూశాడు. అతనూ రబ్బరుతో రుద్దాడు, ఊదాడు, మళ్లీ పెట్టాడు.

"ముందుకంటే రెట్టింపు అయ్యింది కదేటండి బావగారూ. అదే పదివేలు, వాడేయండి" అన్నాడు.

వాడదామనే నాకూ అనిపించింది. అప్పటికే విసుగొచ్చేసింది. పెట్టె మూత బిగించీ విప్పీ వేళ్ల చివర్లు కోసుకుపోయాయి. ఒకసారి కూర్చుని చూడమని ఆమెను పిలిచాను. ఆమె దారప్పోగులు దులుపుకుని వచ్చింది. కవరు తను తీయలేదు, నేనే తీశాను. పడమటి మెట్లతో ఉన్న ఆ పాత ప్లాను తెరిచింది. త్వరగానే తెరుచుకుంది. పై అంతస్తు తెరిచింది. బాగానే ఉంది. మెట్లు తిప్పడం మొదలుపెట్టింది. నేను ఆమె భుజం వెనక నిలబడ్డాను. మెట్లు సగం తిరిగేసరికి లోపల డిస్కు గరగరమనడం మొదలైంది. ఆమె చెయ్యి తీసేసింది. తెర ఆగిపోలేదు, నెమ్మదించింది, అంతే. కానీ ఆ చప్పుడు వినగానే లేచిపోయింది. కవరు మళ్లీ కప్పమని అనలేదు, తను కప్పనూ లేదు. వెనక గదిలో మిషను మొదలైంది.

నాకు లెక్కలు తప్పడం అలవాటు లేదు. తప్పితే ఎక్కడ తప్పాయో దొరుకుతుంది, సరిచేస్తాను. ఇక్కడ నేను చూసిన అంకెలన్నీ ఒప్పే. ఒప్పు అంకెలన్నీ కలిపితే తప్పు మొత్తం వస్తోంది.

ఆ తర్వాత ఒక పూట కింద పేపరు పరుచుకుని రెండు ముక్కలూ దాని మీద పెట్టుకుని కూర్చున్నాను. చేయడానికేమీ లేదు, మళ్లీ రబ్బరుతో రుద్దుతున్నాను. ఆమె టీ గ్లాసు ఇవ్వడానికి వచ్చి, వంగి, కొత్త ముక్కని చేతిలోకి తీసుకుంది. ముందు చూసింది, వెనక్కి తిప్పి చూసింది. ఇంటికి ముందు వైపు బొమ్మ గీశాక వెనక వైపు బొమ్మ గీయకుండా ఎప్పుడూ లేవదు ఆమె. ఆ అలవాటే అయ్యుంటుంది. పాతదాన్నీ అలాగే తిప్పింది.

"దీనికి వెనకాల ఏమీ లేదేంటండీ?" అంది.

నేను అప్పటిదాకా ముక్క మీద అతికించిన కాగితమే చదివాను. దానికి నల్లటి చిప్‌లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టనేలేదు. పాతదానికి ముందు ఎనిమిది, వెనక ఎనిమిది. కొత్తదానికి ముందు ఎనిమిది, వెనక బోడి.

నేనెవరికైనా అంచనా వేస్తే మొత్తం ఒక్కటే ఎప్పుడూ రాయను. ఇన్ని ఇటుకలు అంటే ఏ గోడకి ఎన్ని, ఏ మందానికి ఎన్ని అని విడివిడిగా రాస్తాను. మొత్తం మాత్రమే చెప్పేవాణ్ణి నమ్మొద్దని మేస్త్రీలకి చెప్పేవాణ్ణి. ఈ ముక్క దగ్గర మాత్రం మొత్తం చదివి ఊరుకున్నాను. పేపరు అంచునే లెక్క వేశాను. పాతది, నూట ఇరవై ఎనిమిదిని పదహారు పెట్టి భాగిస్తే చిప్‌కి ఎనిమిది. కొత్తది, రెండు వందల యాభై ఆరుని ఎనిమిది పెట్టి భాగిస్తే చిప్‌కి ముప్ఫై రెండు. కానీ మా బోర్డు చూపేది నూట ఇరవై ఎనిమిదే, అంటే చిప్‌కి పదహారే. మా బోర్డుకి ఒక చిప్‌లో పదహారు దాకానే లెక్క వచ్చు. అంతకు మించి ఉన్నది ఉన్నా దానికి కనపడదు. కాబట్టి రెండు వందల యాభై ఆరు కావాలంటే పదహారేసి ఉన్న చిప్‌లు పదహారు కావాలి. ముందు ఎనిమిది, వెనక ఎనిమిది.

ఆమెకు చెప్పాను. పేపరు మీది అంకెలు చూసింది, నా మొహం చూసింది.

"అంటే రెండు వైపులా కట్టింది కావాలి" అంది.

అంతే అన్నాను. సగం తాగిన టీ చల్లారిపోయింది.

బావమరిదికి చెబితే మళ్లీ ఫోన్లు చేశాడు. అలాంటివి ఇప్పుడెక్కడున్నాయండీ అన్నారట. ఉన్నా ముందూ వెనకా తిప్పి చూసి చెప్పే ఓపిక ఫోనులో ఎవరికుంటుంది? దొరికినప్పుడు చూద్దామన్నాడు. అప్పటికి మేస్త్రి మాట కూడా మారింది. ఇంటాయన కాకినాడలో ఇంకెవరికో ప్లాను ఇచ్చేద్దామంటున్నాడనీ, తాను ఎంతని ఆపగలననీ చెప్పాడు. వాడిగా చెప్పలేదు. వినడానికి నాకు వాడిగా ఉంది. ఇంత చిన్న ముక్క దగ్గర ఇన్నాళ్ల పని ఆగిపోతే ఆగిపోనీ అని కూడా అనిపించింది. ఆమె వెనక గదిలోంచి ఈ మాటలన్నీ విన్నది.

మేస్త్రి వెళ్లాక చెప్పులేసుకుని, "తమ్ముడి కొట్టుకెళ్దాం పదండి" అంది. రెండు ముక్కలూ రుమాల్లో చుట్టి పట్టుకుంది.

కొట్లో అతను బేరంలో ఉన్నాడు. అయ్యేదాకా ఆమె నిలబడి, బిల్లులు కొట్టే కంప్యూటరు వంక చూస్తోంది. నేను అన్నిసార్లు ఆ కొట్టుకి వెళ్లాను, దాని ఎదురుగానే నిలబడి మాట్లాడాను. దాన్ని ఒక వస్తువుగా చూడలేదు, బల్లలో భాగంలా ఉండేది.

బేరం అయిపోయాక అడిగింది. "దీంట్లో ఏముందిరా?"

"ఏమో అక్కా. ఎప్పుడో వేసింది. అది బిల్లింగు మిషను, దాన్ని కదిపితే నా కొట్టు ఆగిపోద్ది."

"నీది బిల్లింగు. నాది ఉత్తి గీతలేగా, ఆగిపోయినా పర్లేదు."

అతను నా వంక చూశాడు, బావగారూ మీరైనా చెప్పండన్నట్టు. నేను గోడమీది క్యాలెండరు చూశాను. అతను గొణుక్కుంటూనే స్క్రూలు విప్పాడు. లోపలినుంచి తీసిన ముక్కకి గాట్లు రెండున్నాయి. ఆమె తీసుకుని తిప్పింది. ముందు ఎనిమిది. వెనక ఎనిమిది. మీద అంటించిన కాగితం మాసిపోయి అంకె సరిగ్గా కనపడలేదు గానీ, ఆపేముందు అతని తెర మీద చూసిన లెక్క ప్రకారం రెండు వందల యాభై ఆరే.

మరి మా ముక్క అతనికి ఇస్తే అతని బోర్డూ సగమే లెక్కపెడుతుందేమోనని నాకు అనుమానం. ముందు పెట్టి చూద్దామన్నాను. పెట్టాం. అతని బోర్డు మా దానికన్నా కాస్త తర్వాతిది. ఎనిమిది చిప్‌ల ముక్కని కూడా పూర్తిగా లెక్కపెట్టింది. నష్టం లేదని తేలాక అతని మొహం తేటపడింది.

"చూశారా బావగారూ, ఊళ్లోనే ఉంది. అక్కని ముందే పంపించాల్సింది, మీరేదో కాకినాడ కాకినాడ అన్నారు" అన్నాడు.

కాకినాడ అన్నది నేను కాదు. అయినా బావమరిది మాటకి బదులు చెప్పడం మొదలుపెడితే ఆ పూట గడిచిపోతుంది.

ఇంటికొచ్చి బిగించాను. స్విచ్చి వేశాక నల్ల తెర మీద అంకెలు మొదలయ్యాయి. లక్ష దాటాయి, రెండు లక్షలు దాటాయి. ఆగిన చోట ఆగకుండా పోయి, మూడు లక్షల తొంభై మూడు వేల రెండు వందల పదహారు దగ్గర నిలబడ్డాయి. నేను పైకి చదివాను. ఆమె వెనక గదిలో పక్కింటావిడ జాకెట్టుకి చేతులు కుడుతోంది. సంతోషం పట్టలేక పిలుస్తాననుకున్నాను గానీ, నాకు సంతోషం రాలేదు. బరువు దించుకుని పక్కన పెట్టినట్టు అనిపించింది, అంతే. పిలవలేదు. కవరు మాత్రం మడిచి ప్రింటరు మీద పెట్టాను.

ఆమె జాకెట్టు పూర్తిచేసి, హుక్కులు కుట్టి, దారం పంటితో కొరికి, పక్కింటికి ఇచ్చి వచ్చింది. అప్పుడు వచ్చి కూర్చుంది. ప్లాను తెరిచింది. పడమటి మెట్లు చెరిపింది. నైరుతి దగ్గర మళ్లీ మొదలుపెట్టింది. కింది మెట్లు అయ్యాయి, తిరిగే చోటు అయింది, పై మెట్లు అయ్యాయి. లోపల చప్పుడు లేదు. నేను నా బల్ల దగ్గర కాగితం ముందు పెట్టుకుని ఏమీ రాయకుండా వింటున్నాను. సేవ్ నొక్కేముందు ఒక్క క్షణం ఆగింది. నొక్కింది. అయిపోయింది. ఆమె నమ్మలేదు. ప్లాను మూసేసి మళ్లీ తెరిచి చూసుకుంది. మెట్లు ఉన్నాయి.

"వెనక వెలుతురుకి అడ్డం వస్తున్నారు, జరగండి" అంది. నేను ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలియదు.

కుట్టు మిషను మళ్లీ అటకెక్కించమంటుందని చూశాను. అనలేదు. అది వెనక గదిలోనే ఉండిపోయింది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ అక్కడే ఉంది. ఒక్కోరోజు ప్లాను గీసేది, ఒక్కోరోజు బట్టలు కుట్టేది. ఎందుకని నేను అడగలేదు. కంప్యూటర్లోనే ఉండేవాటిని ఆమె మళ్లీ పూర్తిగా నమ్మలేదనుకుంటాను. నమ్మమని చెప్పడానికి నా దగ్గర మాత్రం ఏముంది?

కనకాలపేట ప్లాను ప్రింటు తీసి నా బల్ల మీద పెట్టింది. నేను టేపు లెక్కన గోడ గోడా చూసుకుంటూ మెట్లు తిరిగే చోటికి వచ్చాను. కిటికీ ఉంది. కానీ ముందు నాకు చూపించిన చోట కాదు, కొంచెం కిందికి, ఎడమకి జరిగి ఉంది.

"ముందు పెట్టింది ఇక్కడేనా?" అన్నాను.

"గుర్తు లేదండి. అది పోయిందిగా" అంది. ప్రింటు మీద వేలితో ఆ చోటు తడిమింది. "ఇక్కడైనా గాలొస్తది."

నేను గోడ మొత్తం ఇటుకలు లెక్క కట్టి, అందులోంచి ఆ కిటికీ మేరకు తీసేశాను.